పంచదార కరిగేదాకా

గ్లాసు నీళ్లలో చెంచాడు పంచదార వేస్తే, ఎంత తొందరున్నా అది కరిగేదాకా ఆగాల్సిందే. ఆ ఎదురుచూపులో మనసుకు తెలిసేదే అసలైన కాలమని ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ అనేవారు. గడియారం కొలిచేదే కాలమని ఐన్‌స్టీన్ లెక్క. 1922 ఏప్రిల్ 6న పారిస్‌లో, ఫ్రెంచి తత్వశాస్త్ర సంఘం సమావేశంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. బెర్గ్‌సన్ దాదాపు అరగంట మాట్లాడారు. ఐన్‌స్టీన్ క్లుప్తంగా తేల్చేశారు: తత్వవేత్తల కాలమంటూ విడిగా ఒకటి లేదని.

అదే ఏడాది డిసెంబరులో ఐన్‌స్టీన్‌కు నోబెల్ బహుమతి ప్రదానం చేసే సభలోని ప్రసంగంలోనూ, వేగాన్ని బట్టి కాలం నడక మారుతుందన్న ఆయన సాపేక్షత సిద్ధాంతంపై బెర్గ్‌సన్ అభ్యంతరం ప్రస్తావనకు వచ్చింది. బహుమతి ఇచ్చింది సాపేక్షతకు కాదు, కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఎలా వెలువడతాయో చెప్పిన కాంతి విద్యుత్ ఫలితానికి.

భౌతికశాస్త్రం వరకూ బెర్గ్‌సన్‌దే తప్పు. ఈ మాట చెప్పడానికి మేము నీళ్లు నమలం. మహావేగంతో ప్రయాణించి తిరిగొచ్చిన మనిషికి ఇంట్లో ఉన్నవాడికంటే వయసు తక్కువ పెరుగుతుందంటే ఆయన ఒప్పుకోలేదు. 1971లో హాఫెలె, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అతి కచ్చితమైన సీజియం అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో సీట్లలో పెట్టి భూమి చుట్టూ తిప్పారు. నేలమీది గడియారాలతో పోలిస్తే తూర్పుగా వెళ్లినవి సుమారు 59 నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను) వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినవి 273 నానోసెకన్లు ముందుకెళ్లాయి; రెండూ సాపేక్షత లెక్కకు తగ్గట్టే. మన ఫోన్లో దారి చూపించే జీపీఎస్ కూడా రోజుకు సాపేక్షత వల్ల వచ్చే 38 మైక్రోసెకన్ల (సెకనులో పది లక్షలో వంతు ఒక మైక్రోసెకను) తేడా సరిచేసుకుంటూనే పనిచేస్తోంది. లెక్క పూర్తిగా తెలుసుకోకుండా లెక్కను తప్పుపట్టడం ఎంత పెద్ద మేధావికైనా తగదు.

కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చావలేదు. 'ఇప్పుడు' అనే క్షణం తనను బాగా కలవరపెడుతోందని, గతానికీ భవిష్యత్తుకూ లేని ప్రత్యేకత మనిషి అనుభవంలో దానికుందని, అది భౌతికశాస్త్రానికి అందడం లేదని తర్వాత రోజుల్లో ఐన్‌స్టీనే అన్నారు. అన్నది ఎవరితోనో కాదు, రుడాల్ఫ్ కార్నాప్ అనే తత్వవేత్తతో. పారిస్‌లో ఆ ఒక్క మాట ఒప్పుకుని ఉంటే ఎంత మంచి సంభాషణ నడిచేదో!

మన దగ్గర పదో తరగతి అయ్యీ కాగానే పిల్లల్ని ఎంపీసీ అని, హెచ్ఈసీ అని విడగొట్టేస్తాం. ఆ తర్వాత ఒకరి పుస్తకం ఒకరు తెరిచి చూడరు. ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఫిజిక్స్ ఉంది, ఫిలాసఫీ ఉంది. ఆ రోజు పారిస్‌లో జరిగిన చర్చ అచ్చులోనే దొరుకుతుంది. రెండు తరగతుల విద్యార్థుల్నీ ఒక్క పూట ఒకే గదిలో కూర్చోబెట్టి దాన్ని చదివించమని, బోర్డు మీద లెక్క కట్టించి మరీ వాదించుకోనివ్వమని ఆచార్యులను కోరుతున్నాం.