ఆమె పేరు మీద ఏముంది?

పోయిన చలికాలంలో ఇక్కడ అమెరికాలో మా తెలుగు సంఘం సహాయ బృందానికి ఒక ఫోను వచ్చింది. భర్త హఠాత్తుగా పోయి మూడు నెలలైన ఒక తెలుగావిడ పిల్లల బడికి దగ్గరగా చిన్న అపార్ట్‌మెంటులోకి మారాలనుకున్నారు. నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు, జీతం అద్దెకు సరిపోతుంది. అయినా అపార్ట్‌మెంటు ఆఫీసువాళ్లు దరఖాస్తు తిప్పి పంపారు. క్రెడిట్ స్కోరు, అంటే అప్పు తీర్చే అలవాటుకు ఇక్కడ వేసే మార్కు, తక్కువని కాదు, అసలు స్కోరే లేదని.

ఆ శనివారం వాళ్లింటికి వెళ్లి, ఆవిడ ల్యాప్‌టాప్‌లోనే క్రెడిట్ రిపోర్టు తీయడానికి కూర్చున్నాను. మన అప్పుల చిట్టా రాసిపెట్టే సంస్థలను బ్యూరోలంటారు, పెద్దవి మూడు. మొదటి బ్యూరో దగ్గర ఆవిడ పేరుతో రికార్డే దొరకలేదు. రెండోదీ అంతే. మూడోదానిలో పేరు, పాత చిరునామా ఉన్నాయి. ఖాతాలు ఉండాల్సిన చోట ఖాళీ. అమెరికా వచ్చి పద్నాలుగేళ్లయింది. ఇల్లు ఆయన పేరు మీద, రెండు కార్ల రుణాలూ ఆయన పేరు మీద, క్రెడిట్ కార్డులన్నీ ఆయనవే. ఆవిడ పర్సులో ఉన్నది ఉమ్మడి బ్యాంకు ఖాతా తాలూకు డెబిట్ కార్డు. డెబిట్ కార్డుతో ఎన్నేళ్లు సరుకులు కొన్నా, బ్యూరోల లెక్కలో అది లేనట్టే.

"అన్నయ్యగారూ, ఇన్నేళ్లలో నేను ఎవరికీ ఒక్క డాలరు బాకీ పడలేదు. మరి నాకు స్కోరు లేకపోవడమేమిటి?" అన్నారావిడ.

అప్పు లేనివాడే అధిక సంపన్నుడని వింటూ పెరిగినవాళ్లం కదా మనం. ఈ దేశంలో ఆ సంపన్నుడికి స్కోరు ఉండదు. ఈ అంకె మన ఆస్తిని కొలవదు, నడతను కొలవదు. అప్పు తీసుకుని, చెప్పిన గడువుకు తిరిగి కట్టే అలవాటు ఉందా లేదా అన్నంత వరకే చూస్తుంది. జీతం అందులోకి రాదు. బ్యాంకులో ఎంత మూలుగుతోందన్నదీ రాదు. ఎక్కువ మంది బ్యాంకర్లు చూసే ఫైకో స్కోరు రావాలంటే ఒక ఖాతా తెరిచి కనీసం ఆరు నెలలు కావాలి, గత ఆరు నెలల్లో ఏదో ఒక ఖాతా వివరం బ్యూరోకు చేరి ఉండాలి. ఇంకొక సంగతి మనవాళ్లలో చాలామందికి తట్టదు: భార్యాభర్తలకు ఉమ్మడి స్కోరు అనేది లేదు. పెళ్లయినా ఎవరి ఫైలు వారిదే. ఆయనకు ఎనిమిది వందలు దాటిన స్కోరు ఉండేదట. అది ఆయనతోనే పోయింది.

ఇక్కడ కొంచెం పాత కథ చెప్పాలి. ఆ మూడు బ్యూరోల్లో ఒకటైన నేటి ఈక్విఫాక్స్ 1899లో అట్లాంటాలో రిటైల్ క్రెడిట్ కంపెనీగా మొదలైంది. ఆ కాలపు నివేదికల్లో అప్పుల సంగతితో పాటు మనిషి తాగుతాడా, ఇల్లు సరిగా నడుపుతాడా అన్న ఇరుగుపొరుగు కబుర్లు కూడా చేరేవి. 1970లో వచ్చిన చట్టం ఆ ఫైళ్లను చూసుకునే హక్కు, తప్పుంటే దిద్దించుకునే హక్కు మనకు ఇచ్చింది. 1974లో ఇంకొకటి వచ్చింది. అంతకుముందు సొంత సంపాదన ఉన్న స్త్రీ కార్డు అడిగినా భర్త సంతకం తెమ్మనే బ్యాంకులు ఉండేవి. ఆ యేడు వచ్చిన సమాన రుణావకాశాల చట్టం స్త్రీ అనో, పెళ్లయిందనో, కాలేదనో రుణం నిరాకరించడాన్ని నిషేధించింది. బిల్ ఫెయిర్, ఎర్ల్ ఐజాక్ అనే ఇద్దరు 1956లో పెట్టిన సంస్థ 1989లో తెచ్చిన మూడంకెల ఫైకో స్కోరుకు ఆడా మగా తేడా తెలియదు. ఈ దేశపు స్త్రీలు పోరాడి తెచ్చుకున్న హక్కును మనం యాభై ఏళ్ల తరువాత వచ్చి, "నీకెందుకు ఈ గోల, నేను చూసుకుంటాగా" అనే ఒక్క మాటతో ఇంట్లోనే రద్దు చేస్తున్నాం. ప్రేమగానే అంటాం. నేనూ పదేళ్లు అలాగే అన్నాను.

వీసా కారణమూ ఉంది, కాదనను. ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 మీద వచ్చినవారికి వర్క్ పర్మిట్ వచ్చేదాకా, బ్యాంకులు కార్డుకు అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరు సాధారణంగా రాదు, ఆ పర్మిట్ల వెసులుబాటు కూడా 2015లోనే మొదలైంది. కానీ అప్పుడు కూడా దారులున్నాయి. పన్నుల కోసం తీసుకునే ఐటిన్ నంబరుతో కార్డు ఇచ్చే బ్యాంకులు కొన్ని ఉన్నాయి. నంబరు వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఏమీ చేయకపోవడం వీసా తప్పు కాదు.

సరే, స్కోరు పెంచుకోవడం ఎలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఫైకో చెప్పే పాళ్లు ఇవి: గడువుకు కట్టిన చరిత్ర 35 శాతం, ఉన్న పరిమితిలో ఎంత వాడుకున్నాం అన్నది 30, ఖాతాల వయసు 15, కొత్త దరఖాస్తులు 10, రకరకాల రుణాలు ఉండటం 10. మొదటి రెండిటినీ పట్టుకుంటే మూడింట రెండు వంతుల పని అయినట్టే. మిగతావాటి గురించి విందుల్లో జరిగే చర్చల్లో సగం పుకార్లు. మన స్కోరు మనం చూసుకుంటే తగ్గుతుందన్నది అందులో ఒకటి. ఎన్నిసార్లు చూసుకున్నా తగ్గదు. ప్రతి నెలా కొంచెం బాకీ ఉంచితే స్కోరు పెరుగుతుందన్నది రెండోది. దానివల్ల పెరిగేది బ్యాంకువాడికి మనం కట్టే వడ్డీ మాత్రమే.

ముప్పై శాతం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, నెలనెలా మొత్తం కట్టేసేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. మీ కార్డు పరిమితి 5000 డాలర్లు అనుకోండి. విమానం టికెట్లు కొన్న నెలలో 4500 వాడారు. స్టేట్‌మెంటు 12వ తేదీన తయారవుతుంది, కట్టాల్సిన గడువు తరువాతి నెల 7వ తేదీ. మీరు 5న పైసాతో సహా కట్టేశారు. వడ్డీ పడలేదు, ఆలస్యమూ లేదు. కానీ చాలా బ్యాంకులు బ్యూరోకు పంపేది 12వ తేదీన కనిపించిన బాకీనే. అంటే బ్యూరో దృష్టిలో మీరు పరిమితిలో తొంభై శాతం వాడుకుని పీకలదాకా మునిగిన మనిషి. అదే డబ్బు 10వ తేదీన కట్టి, 300 మాత్రం మిగిలేలా చూస్తే ఆరు శాతం కనిపిస్తుంది. ఖర్చు అదే, చేతిలోంచి పోయిన డబ్బు అదే, తేదీ ఒక్కటే మారింది. అదృష్టవశాత్తూ చాలా స్కోర్లలో దీనికి జ్ఞాపకశక్తి తక్కువ. వచ్చే నెల బాకీ తగ్గితే స్కోరు తిరిగి లేస్తుంది. ఇల్లో కారో కొనే ముందు రెండు నెలలు దీన్ని చూసుకుంటే చాలు. ప్రతి నెలా దీనికోసం నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

ఆలస్యం మాత్రం అలా వదలదు. ఇల్లు మారిన ఏడాది ఒక దుకాణం కార్డు మీద 38 డాలర్ల బిల్లు పాత చిరునామాకు వెళ్లింది. ఆ కార్డు ఒకటుందన్న సంగతే నేను మరిచిపోయాను. గడువు దాటి ముప్పై రోజులైతే గానీ బ్యూరోలకు ఆలస్యంగా నమోదు కాదు. నాది నలభై దాటింది. 790లో ఉన్న స్కోరు 715కు పడింది. 38 డాలర్లకు! స్కోరు ఎంత ఎత్తున ఉంటే అంత గట్టిగా పడుతుందని అప్పుడు తెలిసింది. ఆ మచ్చ ఏడేళ్లు రిపోర్టులో ఉంటుంది, కాలం గడిచేకొద్దీ పదును తగ్గుతుంది. ఆ రోజు నుంచి ప్రతి కార్డుకూ కనీస మొత్తం దానంతటదే చెల్లింపు అయ్యేలా పెట్టాను. మిగతాది చేత్తో కడతాను.

ఇంకొకటి మన జాతి రోగం, మొహమాటం. కారు రుణానికి మేనల్లుడు వచ్చి, "మామయ్యా, ఒక్క సంతకం" అంటే కాదనలేం. అది సాక్షి సంతకం కాదు. ఆ రుణం మీ రిపోర్టులో మీ అప్పుగానే కనిపిస్తుంది, వాడు ఒక నెల ఎగ్గొడితే ఆ ఆలస్యం మీదే. అంతకంటే డబ్బు చేతిలో పెట్టి తిరిగి రాదనుకోవడం నయం. స్కోరైనా నిలుస్తుంది.

850 గురించి, అంటే ఈ స్కోరులో అన్నిటికంటే పై అంకె గురించి కూడా ఒక మాట. ర్యాంకుల పెంపకం కాబట్టి ఇది కూడా ఒక పరీక్షలా కనిపిస్తుంది మనకు. 812 వచ్చిన స్నేహితుడు 850 ఎందుకు రాలేదని తెగ మధనపడుతుంటాడు. రుణం ఇచ్చేవాళ్లు స్కోర్లను అంచెలుగా చూస్తారు. పై అంచెలోకి చేరాక ఇంకో ముప్పై పాయింట్లతో వడ్డీ తగ్గదు. ఆ మధనపడే ఓపికలో పదోవంతు భార్య ఫైలు మీద పెడితే ఇంటికి అసలు లాభం. ఇంటి రుణానికి ఇద్దరూ కలిసి దరఖాస్తు చేస్తే, మూడు బ్యూరోల స్కోర్లలో ఒక్కొక్కరి మధ్య అంకె తీసుకుని, వడ్డీ ధర దగ్గరకు వచ్చేసరికి సాధారణంగా ఇద్దరిలో తక్కువదాన్నే చూస్తారు. అందుకని ఆమెను దరఖాస్తులోంచి తప్పిస్తారు. దాంతో ఆమె జీతం లెక్కలోకి రాదు, ముప్పై ఏళ్ల రుణ చరిత్రా ఆమె ఫైలులో చేరదు. ఖాళీ ఫైలు ఖాళీగానే ఉండిపోతుంది.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మీ పాత కార్డు ఒకదానికి ఆమెను ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే మీ ఖాతా మీదే కార్డు వాడుకునే మనిషిగా చేర్చండి. చాలా బ్యాంకులు ఆ ఖాతా చరిత్రను ఆమె ఫైలుకు కూడా పంపుతాయి, మంచిదైనా చెడ్డదైనా. అది అరువు తెచ్చుకున్న బలమే కాబట్టి అక్కడితో ఆగకుండా, ఆమె సొంత పేరుతో ఒక కార్డు తీయండి. ఎవరూ ఇవ్వకపోతే డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డు ఉంది. ఫోను బిల్లు దానిమీద పెట్టి, నెలనెలా కట్టేస్తే చాలు. ఇద్దరి రిపోర్టులూ యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో ఇప్పుడు వారానికొకసారి ఉచితంగా తీసుకోవచ్చు. డబ్బు కట్టమనే సైట్ల జోలికి పోకండి.

మొదట చెప్పిన ఆ సోదరి కథకు వస్తే, మూడు నెలల అద్దె ముందుగా కట్టే ఒప్పందం మీద వేరేచోట ఇల్లు దొరికింది. 300 డాలర్ల డిపాజిట్‌తో సెక్యూర్డ్ కార్డు తీశాం. ఏడు నెలల తరువాత ఆవిడే రిపోర్టులు తీసి నాకు ఫోను చేశారు. రెండు బ్యూరోల్లో స్కోరు వచ్చింది, మూడోదానిలో రాలేదు. చూస్తే అక్కడ ఆవిడకు రెండు ఫైళ్లున్నాయి. పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు, పేరు కలిపి రాసినది ఒకటి, కార్డు దరఖాస్తులో ఉన్నట్టు ఇంటిపేరు చివర పెట్టినది ఒకటి. పాత చిరునామా ఒకదానిలో, కొత్త కార్డు రెండోదానిలో. మన పేర్లతో ఇది మామూలే. ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని అభ్యంతరం రాసి, పాస్‌పోర్టు నకలు జతచేసి పంపాం. జవాబివ్వడానికి బ్యూరోకు సాధారణంగా ముప్పై రోజుల గడువు ఉంటుంది. ఇవాళ్టికి పంతొమ్మిది అయ్యాయి.