రాజ్‌భవన్ కుర్చీ గారికి

సోమాజిగూడ రాజ్‌భవన్ కుర్చీ గారికి నమస్కారం.

తమరి మీద కూర్చున్నవారికి రాస్తే జవాబు రాదు. తమరికి రాసినా రాదు. అలాంటప్పుడు మధ్యలో మనిషెందుకని నేరుగా తమరికే రాస్తున్నాను.

నాకో ఊహ. 1984 ఆగస్టు 16న తమరి ముందరి కాలొకటి పుటుక్కుమందనుకుందాం. ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేయబోతూ అప్పటి గవర్నర్ రామ్‌లాల్ గారు పక్కకి ఒరిగారు. వడ్రంగి వచ్చి మేకు కొట్టేసరికి పావుగంట. ఊసుపోక కిటికీలోంచి చూస్తే ఎన్టీఆర్ వెంట వచ్చిన ఎమ్మెల్యేలు కనిపించారు. సరే, ఎలాగూ ఖాళీయే కదా, ఎంతమందో లెక్కపెడదాం అనుకున్నారు. మొత్తం 294 మంది సభ, సగం దాటారో లేదో చూడ్డానికి చదువు కూడా అక్కర్లేదు.

అంతే, చరిత్ర మారిపోయింది. నాదెండ్ల భాస్కరరావు గారి నెల్రోజుల ముఖ్యమంత్రి పదవి లేదు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే దిగిన మనిషి చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లే పని లేదు. (తమరి జాతిలో అంత పేరు తెచ్చుకున్నది ఆ చక్రాలదే. ఏమీ అనుకోకండి.)

మరి రామ్‌లాల్ గారి సంగతి? హిమాచల్ ముఖ్యమంత్రిగా చేసి వచ్చిన పెద్దమనిషి, బుద్ధిగా తల లెక్కలు చూసుకుని, టీ తాగి, గడువు ముగించుకుని వెళ్లిపోయేవారు. ఈ రోజు ఆయన పేరు ఒక్కరికి గుర్తుండేది కాదు. అసలు జరిగినదాంట్లో ఆగస్టు 29కల్లా పెట్టె సర్దుకున్నారు గానీ, పేరు మాత్రం నిలబడింది. తెలుగుదేశం వాళ్లు ఆయనకో విగ్రహం బాకీ ఉన్నారని నా అభిప్రాయం. ఆ డిసెంబరులో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే ఇక్కడ వాళ్లకు 30 లోక్‌సభ సీట్లు వచ్చాయంటే, అందులో ఆ బర్తరఫ్ సంతకం వాటా ఎంతో తమరికే తెలియాలి.

ఆయన లేచిన చోట కూర్చున్న శంకర్‌దయాళ్ శర్మ గారు 1992లో రాష్ట్రపతి అయ్యారు. ఆ తర్వాత తమరి మీద కూర్చున్న కృష్ణకాంత్ గారు ఉపరాష్ట్రపతి అయ్యారు. 1995లో సొంత అల్లుడే ఎన్టీఆర్‌కు ఎదురు తిరిగినప్పుడు, సభలో బలం చూపించమని అడిగింది ఈయనే. బలం తేలాల్సింది సభలోనే అని కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో సుప్రీంకోర్టు 1994లో చెప్పింది మరి. పదకొండేళ్ల కింద ఎన్టీఆర్ ఏ లెక్క కోసం కాళ్లరిగేలా తిరిగారో, ఆ లెక్కే ఈసారి ఆయన పదవి తీసింది. రెండుసార్లూ తమరు అక్కడే ఉన్నారు, కిక్కురుమనలేదు.

ఒక్క విన్నపం. ఢిల్లీ నుంచి ఫోన్ రాగానే ఎవరైనా పెన్ను మూత తీస్తూ గబగబా వచ్చి కూర్చోబోతే, ఆ ముందరి కాలు కాస్త చూడండి. వడ్రంగి ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
రాజ్‌భవన్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఓ ఓటరు