వెనక నుంచి వచ్చే గాలిగారికి

నెల్లూరు నుంచి,
ఓ బోడి కారు యజమాని రాసుకున్న విన్నపం.

మహారాజశ్రీ గాలిగారికి,

ఉభయకుశలోపరి. అలా రాయడం ఆనవాయితీ గానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే. నాకు మెడ పట్టేసింది. కుడి చెవిలో గుయ్యిమని ఒకటే మోత. మొన్న డాక్టరు కళ్లలోకి టార్చి వేసి చూసి, కారు టాపు మూసుకుని తిరగండి అన్నాడు. మూయడానికి టాపు కారు మీద లేదండీ, మా మేడ మీద ఉంది. దాని నీడలో వీధికుక్క పడుకుంటోంది. ఎండపూట దానికున్న సుఖం నాకు లేదు.

మీకు నా కారు బాగా తెలుసు. ఎక్కని రోజు లేదు కాబట్టి. అయినా ఈ ఉత్తరం పదిమందీ చదువుతారు గనక చెప్పాలి. అది స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో తయారైన బండి. ఇటలీ ఆయన మికెలోట్టి గీసిన బొమ్మ, 948 సీసీల ఇంజను. 25 అడుగుల్లో గిర్రున తిరిగేస్తుంది, ట్రంకు రోడ్డులో ఆ ఒక్క గుణానికే దండం పెట్టొచ్చు. దాని టాపు బోల్టులతో బిగించిందే, విప్పితే ఊడొస్తుంది. నేను కొనేనాటికే ఎవరో మహానుభావుడు విప్పేశాడు, కాగితాల్లోనూ ఎక్కించాడు. ఊడిన టాపుని మాత్రం ఊరికే పోనివ్వక నాకే అంటగట్టాడు. ఇక ఈ బండి ఛాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే, కాస్త కుదించి 1962లో ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. ఆ చుట్టరికం పట్టుకుని నేను నా బండిని స్పోర్ట్స్ కారు అంటాను. కలెక్టరుగారి పినతండ్రి కొడుకుని కాబట్టి నన్నూ దొర అనమన్నట్టు.

అసలు సంగతికొస్తాను. టాపు లేని కారులో గాలి ముందు నుంచి వచ్చి మొహానికి కొట్టి, జుట్టు వెనక్కి ఎగరాలి. సినిమాల్లో అంతే కదా. మీరేమో వెనక నుంచి వస్తారు. జుట్టంతా మొహం మీదికి. మొదట నేను నమ్మలేదు. మా ఆవిడ ఊలు దారం ముక్కలు సీటు నెత్తికి, డోరు అంచుకి, వెనక సీటు వీపుకి అంటించి, పెన్నా బ్రిడ్జి దాటి హైవే ఎక్కించాను. 80 దగ్గర చూద్దును కదా, దారాలన్నీ ముందుకి వంగి స్టీరింగు వైపు వేలు చూపిస్తున్నాయి. నేను ముందుకి పోతున్నా, దారాలూ ముందుకే పోతున్నాయి. ఇదేం వరస?

తర్వాత అర్థమైంది. ముందద్దం పై అంచు దాటగానే మీరు ఎగిరి దూకుతారు. ఆ దూకుడుకి సీట్ల దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కడన్నా లోటు కనబడితే ఊరుకునే రకమా మీరు? డిక్కీ మీద వాలి, సుడి తిరిగి, తిరుగుటపాలో నా మెడ మీదికే వస్తారు. వస్తూ వస్తూ సైలెన్సరు పొగ కూడా చంకన పెట్టుకొస్తారు. పైగా వేగం రెట్టింపైతే మీ తోపు నాలుగింతలట. 40లో చెంప నిమిరే చెయ్యి, 80లో చెంప వాయిస్తుంది.

మీరు వాయవ్య దిక్కుకి అధిపతులని చిన్నప్పుడు చదువుకున్నాం. నెల్లూరు నుంచి ఒంగోలు పోతుంటే కారు మూతి ఉత్తరానికి. అంటే నా వీపు దక్షిణానికి. అది యముడి దిక్కండీ. మీది కాని వార్డులో మీకేం పని?

మా అమ్మాయి పెళ్లప్పుడు జరిగింది చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. తొలి శుభలేఖ ఒంగోలులో మా పెద్దక్కకి ఇవ్వాలని, పసుపు పెట్టిన కట్ట వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరాం. కారులో వద్దు, బస్సులో పోదామంది మా ఆవిడ. మనకి కాస్త ఎచ్చులెక్కువ కదా, వినలేదు. కావలి దాకా మీరూ గమ్మునే ఉన్నారు. ఉలవపాడు దాకా ఓర్చుకున్నారు. సింగరాయకొండ దాటాక కట్ట మీది దారం ఊడింది. మొదటి శుభలేఖ వచ్చి నా మూతికి కొట్టుకుంది. రెండోది మా ఆవిడ కళ్లజోడుకి. ఆ తర్వాత లెక్కపెట్టే ఓపిక లేదు, ఆకాశమంతా పసుపు. ఒకటి పోయి వెనకొచ్చే లారీ అద్దానికి అతుక్కుంది. ఆ డ్రైవరు హారను కొట్టాడు, నేను చెయ్యి ఊపాను. పిలుపు అందినట్టే లెక్క.

అక్కా వాళ్ల గుమ్మంలో దిగేసరికి మా ఆవిడ జడలో పూలు లేవు, ఉత్త దారం ఉంది. నా జుట్టు ముందుకి పడి కనుబొమల మీద నిలబడింది. అక్క మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఏందిరా, దారిలో కొట్లాడుకున్నారా?" అంది. కాదక్కా, గాలి, అంటే, "గాలి అంటే అటువంటి గాలా?" అని లోపలికి పోయి నిమ్మకాయలూ మిరపకాయలూ పట్టుకొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మిగిలిన శుభలేఖల మీద బరువుకి మా బావ చీమకుర్తి రాయి ముక్క ఒకటి ఇచ్చాడు. దాన్ని మాత్రం మీరు కదపలేకపోయారు. అభినందనలు రాయికి.

ఇక మీరు గీరు మర్యాదలు చాలు. నువ్వు చేసిన పనికి నువ్వనే అంటాను.

గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకున్నట్టు అని సామెత. నేను కంపని కాదు, ఏకంగా గాలినే తగిలించుకున్నాను. మా మెకానిక్కి చెప్తే స్పానరు కింద పెట్టి నా వంక జాలిగా చూశాడు. "టాపు తీసింది గాలి కోసమే గదా సార్. మళ్లా గాలొస్తా ఉందంటే ఎట్టా?" ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. డబ్బు పెట్టి గాలి తెచ్చుకోవడం, మళ్లీ డబ్బు పెట్టి గాలిని ఆపుకోవడం.

మొదట సీట్ల వెనక ప్లైవుడ్ చెక్క నిలబెట్టాను. నువ్వు ఆగలేదు సరికదా, చెక్క అంచు చుట్టూ కొత్త సుడి మొదలుపెట్టావు. దడదడమని మోత. అద్దంలో వెనక లారీ కనబడటం మానేసింది, హారను వినబడితేనే ఉందని తెలియడం. ఆ చెక్క ఇప్పుడు రోటి మీద మూతగా ఉంది.

అడ్డుగోడ కంటే జల్లెడ మేలని అప్పుడు తెలిసింది. గాలిని పూర్తిగా ఆపకూడదట, చిన్న చిన్న కన్నాల్లోంచి పోనిచ్చి దాని జోరు తగ్గించాలట. వలలకి మనకేం కరువు? రొయ్యల గుంటల మీద కొంగలు వాలకుండా కట్టే వల తెచ్చి కట్టాను. ఆ కన్నాల్లోంచి నువ్వు కొంగకన్నా సులువుగా దూరావు. తర్వాత కిటికీలకి వేసే నల్లటి దోమల మెష్ తెచ్చి, అరంగుళం పైపుతో ఫ్రేము కట్టించి బిగించాను. ఉత్సాహం కొద్దీ ముందద్దం కన్నా ఎత్తుగా కట్టించాను, దొడ్డి తడిక లాగా. అది పైనున్న నిన్ను కూడా పట్టుకుని ఊగడం మొదలెట్టింది. చెవుల ఎత్తుకి కోయించాక దారి కొచ్చావు. వెనక సీటు మీద కూడా అదే మెష్ పడకగా పరిపించాను, నువ్వు కింద నుంచి దూరకుండా. దాంతో మా బావమరిది కూర్చునే చోటు పోయింది. ఈ ఒక్క విషయంలో నీకు ఋణపడ్డాను.

రెండు అద్దాలూ పైకెత్తితే పక్కల నుంచి చుట్టుకునే గాలి చాలావరకు తగ్గుతుందని కూడా తెలిసింది. ఖర్చు సున్నా. అందుకే అన్నిటికంటే ఆలస్యంగా చేశాను. మోచెయ్యి బయటపెట్టుకుని పోవడం కుదరదు, అదొక్కటే దిగులు. ఇంకొకటి, కుషను కుట్టినాయన మంచితనం కొద్దీ నాలుగంగుళాల ఫోము వేశాడు. నా తల ముందద్దం నీడ దాటి నేరుగా నీ దారిలోకి పొడుచుకొచ్చింది. రెండంగుళాలు తీయించాను. ఇప్పుడు పక్క కారు వాళ్లకి నేను కనబడను. టాపు తీసిన కారులో దాక్కుని పోతున్నాను.

పాత ఇంగ్లీషు బండ్లకి సీట్ల మీద పరిచి కప్పే, మధ్యలో జిప్పు ఉన్న క్యాన్వాసు ఉండేది. పక్క సీటు మూసేసి డ్రైవరు ఒక్కడే తల బయటపెట్టుకుని పోతే గాలి గోల బాగా తగ్గేదట. ఆ మాట మా ఆవిడకి చెప్పాను. "ముందు డ్రైవరు వైపు మూసి చూద్దాం" అంది.

1989లో మెర్సిడెస్ వాళ్లు తమ ఎస్ఎల్ కారుకి సీట్ల వెనక ఇటువంటి వలే పెట్టారు. నేను దోమల మెష్‌తో చేసింది వాళ్లు కంపెనీ పేరు వేసి చేశారు, అంతే తేడా. 2004లో ఎస్ఎల్‌కే కారులో ఇంకో అడుగు వేసి, సీటు లోంచి మెడ మీదికి వేడి గాలి ఊదే ఏర్పాటు చేశారు, చలికాలంలోనూ టాపు తీసుకుని తిరగడానికి. అది చదివి మా మెకానిక్ పగలబడి నవ్వాడు. రోహిణి కార్తెలో నెల్లూరు రోడ్డు మీదికి రమ్మను సార్, మెడకే కాదు, ఒళ్లంతటికీ ఫ్రీ, అన్నాడు.

ఇప్పుడు 70 దాకా నీకూ నాకూ గొడవ లేదు. మాట వినబడుతోంది. మా ఆవిడ చెంగు నడుముకి దోపుకోకుండానే కూర్చుంటోంది. నిన్న సాయంత్రం మైపాడు పోయి వచ్చాం. సముద్రం వైపు నుంచి నువ్వే వచ్చావు, ఉప్పు వాసనతో, నెమ్మదిగా. ఇదే గాలి హైవే ఎక్కేసరికి ఎందుకు పూనకం వచ్చినట్టు చేస్తుందని అడిగింది మా ఆవిడ. యాక్సిలరేటరు మీద ఎవరి కాలుందో చెప్పకుండా దాటేశాను.

ఇట్లు,
మెడ పట్టేసిన భవదీయుడు.

తా.క. ఆ రోజు ఎగిరిన శుభలేఖల్లో ఒకటి సింగరాయకొండ దగ్గర చేల మీద నీ దగ్గరే ఉండిపోయిందనుకుంటా. పెళ్లి అయిపోయింది. అయినా పిలుపు పిలుపే. ఓ పూట భోజనానికి రా. పెరటి వైపు నుంచి కాదు, వీధి గుమ్మంలోంచి.