సవరణ: హాస్టల్‌కు వెళ్లే పిల్లలకు ఆ మాట ఇవ్వకండి

ఐదో తరగతిలో గురుకులంలో చేరే పిల్లల గురించి పోయిన వారం రాస్తూ, "నచ్చకపోతే వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తాం అని చెప్పండి, ధైర్యంగా ఉంటారు" అన్నాను. అది తప్పు. ఆ మాట ఇచ్చాక పిల్లల ధ్యాసంతా ఇంటికి వచ్చేయడం మీదే ఉంటుంది. పైగా, నువ్వు అక్కడ ఉండలేవని మనమే ముందుగా చెప్పినట్టవుతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2007లో ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి ఒప్పందాలు వద్దనే చెప్పింది.

బెంగ అందరికీ ఉంటుందని, మెల్లగా తగ్గుతుందని చెప్పండి. చేరేముందు, వేసవి సెలవుల్లోనే, అమ్మమ్మ ఇంట్లోనో పెద్దమ్మ ఇంట్లోనో రెండు మూడు రాత్రులు మీరు లేకుండా పడుకోనివ్వండి. మా పాప ట్రంకుపెట్టెలో నా పాత నూలు చీర ఒకటి మడత పెట్టి ఉంచాను. మొదటి నెలంతా దాన్ని తలగడ మీద పరుచుకునే పడుకుందట.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పిల్లలు తిండి మానేసినా, రోజుల తరబడి నిద్రపోకపోయినా, ఎవరో కొడుతున్నారని చెప్పినా బెంగే కదా అని వదిలేయకండి. ఆ రోజే బయలుదేరి వెళ్లండి.