పొదుపు చెయ్యాలంటే వీ10 కొనాలి

మన తెలుగోళ్ళలో పొదుపు తగ్గిపోతోందని, ఈ తరానికి డబ్బు విలువ తెలీదని పెద్దోళ్ళు తెగ బాధపడిపోతుంటారు గానీ డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఒక్కసారి వచ్చి చూస్తే ఆ దిగులు అక్కర్లేదని వాళ్ళకే అర్థమవుతుంది. అక్కడక్కడా కొన్ని ఇళ్ళల్లో గరాజ్ తలుపు తీస్తే ఒక పక్క హోండా ఒడిస్సీ ఉంటుంది, రెండో పక్క కవర్ కప్పుకుని 2006 మోడల్ బీఎండబ్ల్యూ ఎం5 ఉంటుంది. ఈ60 అనే తరం బాడీ, పది సిలిండర్ల 5 లీటర్ల వీ10 ఇంజన్, 500 హార్స్ పవర్. ఇందులో పొదుపు ఒడిస్సీ అనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే.

లెక్క చూడండి. ఈ కారు కొత్తగా షోరూమ్ లో ఉన్నప్పుడు 80 వేల డాలర్ల పైమాట. మనోడికి ఇప్పుడు 15 వేలకి దొరికింది. అంటే సంతకం పెట్టిన క్షణంలోనే 65 వేలు ఆదా. అదే పక్కింటాయన 30 వేలు పోసి కొత్త క్యామ్రీ తెచ్చుకున్నాడు, ఆయన ఆదా ఎంత? ఫ్లోర్ మ్యాట్లు ఫ్రీగా వేయించుకున్నాడు, అంతే. ఇంత తేలికైన లెక్క ఇంట్లో వాళ్ళకి ఎందుకు ఎక్కదో, ఎమ్మెస్ చేసిన భార్యలు కూడా "ఆ అరవై అయిదు వేలు ఎక్కడున్నాయండీ?" అని ఎందుకు అడుగుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎక్కడున్నాయంటే, ఉన్నాయి. ఏ బ్యాంకులోనూ కనపడవు కానీ ఉన్నాయి. ఆ తర్వాత కారుకి ఏం పెట్టినా అందులోంచే తీస్తాడు కాబట్టి జేబులోంచి ఒక్క డాలర్ కూడా పోనట్టే.

అసలు ఈ ఇంజన్ పుట్టుక గురించి ఒక మాట చెప్పుకోవాలి. అప్పట్లో బీఎండబ్ల్యూ ఫార్ములా వన్ లో విలియమ్స్ టీమ్ కి వీ10 ఇంజన్లు చేసిచ్చేది, ఆ ఊపులో నలుగురు కూర్చునే ఆఫీసు కారులో కూడా ఒక వీ10 పెడితే పోలా అనుకున్నారు, పెట్టేశారు. పది సిలిండర్లు, పదింటికీ విడివిడిగా గాలి వదిలే పది థ్రాటిల్ బాడీలు, 8,250 ఆర్పీఎమ్ దాకా అరుపు. ఇదిలా ఉండగా ఫార్ములా వన్ వాళ్ళేమో స్పీడూ ఖర్చూ మరీ మితిమీరిపోతున్నాయని 2005 తో వీ10 లకి దండం పెట్టేసి 2006 నుంచి 2.4 లీటర్ల వీ8 లకి దిగిపోయారు. కోట్లకి కోట్లు స్పాన్సర్ షిప్ ఉన్నోళ్ళకే ఖర్చు ఎక్కువనిపించిన సరుకుని, రెండు పేచెక్ లూ ఒక మార్ట్ గేజీ ఉన్న మనోడు ఇరవై ఏళ్ళ తర్వాత ధైర్యంగా భుజానికెత్తుకున్నాడు. 2005 లో రూల్ ఏంటంటే ఒక ఇంజన్ రెండు రేసు వీకెండ్లు తట్టుకుంటే చాలు. మనోడిది లక్ష మైళ్ళు దాటింది, ఇంకా తట్టుకోవాలి.

తట్టుకుంటుందా లేదా అన్నదాని మీదే మనోడి ఆధ్యాత్మిక జీవితమంతా నడుస్తుంది. ఈ ఇంజన్ లో కనెక్టింగ్ రాడ్ బేరింగులని పలచటి రేకులుంటాయి, వాటికీ పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్ట్ కీ మధ్య సందు చాలా తక్కువ, పొయ్యాల్సిన ఆయిలేమో 10డబ్ల్యూ-60 అని చిక్కటిది, చల్లగా ఉన్నప్పుడు ఆముదంలా కదుల్తుంది. అరుగుదలకి కారణం సందా ఆయిలా అని ఎం5 వాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు గానీ అరుగుతాయన్నది మాత్రం అందరికీ తెలుసు. అరిగిపోయి ఒకరోజు హైవే మీద టకటకమన్నాయంటే ఇక బేరింగులు కాదు, ఇంజనే మార్చాలి, ఆ బిల్లు కారు కొన్న రేటుని దాటేస్తుంది. అందుకని తెలివైనవాళ్ళు ఏ రోగమూ లేకముందే రెండు మూడు వేలు పెట్టి బేరింగులు మార్పించేస్తారు. మంచిగా ఉన్న ఇంజన్ కింద విప్పించి, మంచిగా ఉన్నాయో లేదో చూడ్డానికి మార్పించడం అన్నమాట. పాత బేరింగుల్ని జిప్ లాక్ కవర్ లో ఇంటికి తెచ్చుకుని డైనింగ్ టేబుల్ మీద పేర్చి, లైటు వేసి, రాగి రంగు ఎక్కడెక్కడ బయటపడిందో అటూ ఇటూ తిప్పి చూసుకుని, చుట్టాలొస్తే వాళ్ళకీ చూపిస్తాడు. ఉప్మా తింటున్న చుట్టాలు బాగున్నాయి అంటారు. బాగుంటే మార్పించిన డబ్బు వేస్టు, బాగాలేకపోతే గండం గడిచినట్టు. మనోడు మాత్రం బాగాలేకపోతేనే హ్యాపీ.

ఆయిల్ మార్చినప్పుడల్లా చిన్న సీసాలో శాంపిల్ పట్టి ల్యాబ్ కి పోస్టు చెయ్యడం ఇంకో ఆచారం. వాళ్ళు అందులో బేరింగులు అరిగి కలిసిన లెడ్ ఎంతుంది, కాపర్ ఎంతుంది అని పీపీఎమ్ లెక్కన రిపోర్టు పంపుతారు. మనోడికి తన షుగర్ ఎంతో తెలీదు, కొలెస్ట్రాల్ టెస్టు చేయించుకోమని డాక్టర్ రాసిచ్చిన కాగితం గ్లోవ్ బాక్స్ లోనే ఉంది, కానీ కారు ఆయిల్ లో లెడ్ పోయినసారి కంటే పెరిగిందా తగ్గిందా అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆయిల్ కూడా మామూలుగా నాలుగు లీటర్లు పోస్తే సరిపోదు, తొమ్మిది లీటర్ల పైనే పడుతుంది. ఎంతుందో చూసుకోవడానికి డిప్ స్టిక్ కూడా లేదు, కారు తెర మీద చెప్పాలి, మనం నమ్మాలి. ఏనుగుని కొన్నాక అంకుశం దగ్గర బేరమాడకూడదు కదా, అందుకని ఆయిల్ ఎప్పుడు సేల్ లో ఉంటే అప్పుడు కేసులకి కేసులు తెచ్చి అటక మీద పెడతాడు. అక్కడా ఆదానే.

గేర్ బాక్స్ సంగతి కొంచెం చెప్పాలి. ఎస్ఎంజీ అంటారు, ఏడు గేర్లు, క్లచ్ ఉంటుంది కానీ పెడల్ ఉండదు, హైడ్రాలిక్ పంపు నొక్కుతుంది. మొత్తం పదకొండు రకాల షిఫ్టింగ్ పద్ధతులు ఇచ్చారు, అందులో డాలస్ నార్త్ టోల్ వే మీద సాయంత్రం అయిదున్నర ట్రాఫిక్ కి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఫుల్ స్పీడులో తుపాకీలా పేలుతుంది, పది మైళ్ళ స్పీడులో మాత్రం ఫస్టు నుంచి సెకండుకి మారినప్పుడల్లా లోపలున్నోళ్ళందరూ ఒక్కసారిగా తల ఊపుతారు. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు వెనక సీట్లో కూర్చుని ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదంట, దిగాక కూతుర్ని పక్కకి పిలిచి "ఏమే, అల్లుడుగారికి డ్రైవింగ్ ఇంకా పూర్తిగా వచ్చినట్టు లేదు, మీ మామయ్యని కొన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టకపోయావా" అందంట. ఆ మామయ్య గారికి ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళ సర్వీసు. మనోడు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని విన్నాను.

మైలేజీ గురించి నేను ఎక్కువ చెప్పను. సిటీలో గాలన్ కి 11 మైళ్ళు అని ప్రభుత్వమే రాసిపెట్టింది, కొత్తప్పుడే దీని మీద గ్యాస్ గజ్లర్ ట్యాక్స్ అని వేరే పన్ను వేసింది. ఆ పన్ను మొదటి ఓనర్ ఎప్పుడో కట్టేశాడు. చూశారా, మళ్ళీ ఆదా.

టెక్సస్ ప్రభుత్వం కూడా మనోడి మీద దయతలచి 2025 నుంచి సొంత కార్లకి ఏడాదికోసారి చేసే సేఫ్టీ ఇన్ స్పెక్షన్ ఎత్తేసింది. కానీ డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్టు మాత్రం ఉంచింది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే ఆ టెస్టు పాసవ్వదు. ఆ లైటు వెలగని వారం ఎప్పుడొస్తుందా అని పంచాంగం చూసినట్టు చూసుకుంటూ ఉంటాడు. ఆ థ్రాటిల్ బాడీల్ని తెరిచి మూసే యాక్చువేటర్లని రెండుంటాయి, లోపల పళ్ళచక్రాలు అరిగితే పోతాయి, అప్పుడు కారు పవర్ తగ్గించేసుకుని కుంటుకుంటూ ఇంటికొస్తుంది. అది బాగయ్యాక ఇంకేదో సెన్సర్. మొత్తానికి ఒక మంగళవారం పొద్దున లైటు ఆరిందంటే ఆఫీసులో స్టాండప్ మీటింగ్ కి రానని మెసేజ్ పెట్టి, ఫ్రిస్కో హనుమాన్ గుడి వైపు ఒక దండం పెట్టుకుని, దారిలో ఏ గుంతా తగలకుండా టెస్టు సెంటర్ కి తీసుకెళ్తాడు. లైటు వచ్చేది వెనక్కొచ్చేటప్పుడు.

ఇంకో విచిత్రం ఏంటంటే స్టార్ట్ చెయ్యగానే ఈ కారు 400 హార్స్ పవరే ఇస్తుంది, మిగతా వంద కావాలంటే గేర్ పక్కన బటన్ నొక్కాలి. మనోడు ప్రతిసారీ నొక్కుతాడు. ప్రెస్టన్ రోడ్ మీద సిగ్నల్ నుంచి సిగ్నల్ కి, పాల ప్యాకెట్టు కోసం వెళ్ళినా సరే నొక్కుతాడు. వంద గుర్రాలకి డబ్బు కట్టి వాడకపోతే అది దుబారా కాదూ?

విమర్శకులు ఒక ప్రశ్న వేస్తారు. ఇలా తీస్తూ పోతే ఆ 65 వేలు అయిపోతే అప్పుడేంటి అని. ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్ళకి ఎకనామిక్స్ రాదు. 2006 లో 80 వేల డాలర్లంటే ఇప్పటి డాలర్లలో లక్షా పాతిక వేల పైనే. అంటే ఆదా 65 వేలు కాదు, లక్షా పదివేలు. ఇన్ ఫ్లేషన్ పెరిగేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. మన సంఘాలు ప్రతి ఏటా పర్సనల్ ఫైనాన్స్ సెమినార్లు పెట్టి రిటైర్మెంట్ కి దాచుకునే 401కే గురించి, పిల్లల చదువుకి దాచే 529 ప్లాన్ గురించి ఎవరెవర్నో పిలిచి చెప్పిస్తారు, ఒక్కసారైనా ఎం5 ఓనర్ని స్టేజీ ఎక్కించారా? సింగిల్ డిపాజిట్ చెయ్యకుండా, ఖర్చు పెడుతున్నా తగ్గకుండా, కూర్చున్నచోట పెరిగే అకౌంట్ ఇంకెవరి దగ్గరైనా ఉందా అని అడుగుతున్నాను.

మనోడి చూపు ఇప్పుడు ముందుకెళ్ళింది. ఇదే ఎం5 లో టూరింగ్ అని వ్యాగన్ మోడల్ 2007 నుంచి చేశారు, మొత్తం 1,025 మాత్రమే, అమెరికాలో అసలు అమ్మలేదు. ఇక్కడ రూలేమో పాతికేళ్ళు నిండిన కారైతే బయట దేశం నుంచి తెచ్చుకోవచ్చు, అంటే 2032 నుంచి మొదలు. పెద్దాడు కాలేజీకెళ్ళేదీ ఆ ఏడే, వాడికి యూటీ డాలస్ అయితే ఇంట్లోంచే వెళ్ళొచ్చని ఇప్పట్నుంచే చెప్పడం మొదలెట్టాడు. భార్యకి మాత్రం వ్యాగన్ డిక్కీలో సోనామసూరి బస్తాలు ఎనిమిది పడతాయని చెప్పాడంట, ఆవిడ ఒడిస్సీలో పన్నెండు పడతాయంది.