అంతరిక్ష వనరులు: కిందికి దించాల్సింది లోహాన్ని కాదు

2023 సెప్టెంబర్ 24న అమెరికాలోని యూటా ఎడారిలో నాసా నౌక ఒసైరిస్-రెక్స్ పంపిన క్యాప్సూల్ దిగింది. దాని బరువు దాదాపు 46 కిలోలు. అందులో వచ్చిన బెన్ను గ్రహశకలపు మట్టి 121.6 గ్రాములు. ఏడేళ్ల ప్రయాణం, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు. శాస్త్రానికి ఆ మట్టి వెలకట్టలేనిది. వ్యాపారంగా చూస్తే మాత్రం, అదంతా మేలిమి ప్లాటినమే అయినా కొన్ని వేల డాలర్లే పలికేది.

గ్రహశకలాల్లో లక్షల కోట్ల డాలర్ల లోహాలున్నాయని తరచూ వార్తలొస్తుంటాయి. ఆ అంకెలు పుట్టే పద్ధతి ఒకటే. శకలం బరువును లోహం శాతంతో, ఆ వచ్చినదాన్ని నేటి ధరతో గుణిస్తారు. తవ్వడం, శుద్ధి చేయడం, కిందికి దించడం ఆ లెక్కలో ఉండవు. అంత సరుకు ఒక్కసారిగా వచ్చిపడితే ధర కుప్పకూలుతుందన్న సంగతీ ఉండదు. ప్రపంచంలోని గనులన్నీ కలిసి ఏటా తీసే ప్లాటినం 200 టన్నుల లోపే. అలాంటి మార్కెట్‌లోకి వేల టన్నులు తెచ్చేవాడు తన సరుకు ధరను తానే పడగొట్టుకుంటాడు. ఇనుము సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. భూమ్మీద ఏటా తయారయ్యే ఉక్కు 180 కోట్ల టన్నులకు పైమాటే. ఆకాశం నుంచి ఎంత దించినా అందులో లెక్కకు రాదు. పైగా, లోహపు కొండగా పేరుపడిన సైకీ శకలం సాంద్రత ఘన సెంటీమీటరుకు 4 గ్రాముల దగ్గరే ఉన్నట్టు కొలతలు చెబుతున్నాయి. ఇనుము సాంద్రత 7.8. అంటే అది గట్టి లోహపు ముద్ద కాదు. అసలు అదేమిటో 2023 అక్టోబర్‌లో బయల్దేరిన నౌక 2029లో అక్కడికి చేరాక గానీ తేలదు.

తవ్వకంలో ఏం జరుగుతుందో బెన్ను దగ్గరే చూశాం. 2020 అక్టోబర్ 20న నౌక చెయ్యి ఉపరితలాన్ని తాకితే గట్టి నేల తగల్లేదు. గులకరాళ్లు పక్కకు జరిగిపోయి, అది దాదాపు అర మీటరు లోపలికి దిగింది. గురుత్వం దాదాపు లేనిచోట మట్టిని అదిమిపెట్టే బలం ఉండదు, డ్రిల్లు ఒత్తితే యంత్రమే వెనక్కి పోతుంది. కాస్త పెద్ద రాళ్లు మూత దగ్గరి మైలార్ రేకులో ఇరుక్కోవడంతో ఆ సందులోంచి సేకరించిన మట్టి కొంత జారిపోయింది కూడా. మిగిలిన మట్టి భూమికి చేరాక, డబ్బా తలకున్న 35 బిగింపుల్లో రెండు ఊడిరాలేదు. వాటి కోసం ప్రత్యేకంగా పనిముట్లు తయారుచేసి విప్పేసరికి 2024 జనవరి వచ్చింది. నిపుణులంతా చుట్టూ ఉన్న ల్యాబ్‌లోనే రెండు బిగింపులకు ఇంతకాలం పడితే, సిగ్నల్ వెళ్లిరావడానికే నిమిషాలు పట్టే దూరంలో అలాంటి బిగింపు ఒక్కటి మొండికేసినా తవ్వకం అక్కడితో ఆగిపోతుంది.

అందుకే ఏ అంతరిక్ష వనరు గురించైనా ముందు అడగాల్సింది, అది భూమికి దిగాల్సిన అవసరం ఉందా అని. బరువున్నది పైనే ఉండి పనిచేయాలి. కిందికి రావాల్సింది బరువు లేనిది: విద్యుత్తు, సమాచారం. ఈ జల్లెడలో పోస్తే ప్రాధాన్యాలు చాలావరకు తారుమారవుతాయి.

ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే పద్ధతి) ఇంధనంగా చెప్పుకునే హీలియం-3 వాయువు ఇందులో తొందరగానే రాలిపోతుంది. చంద్రుడి మట్టిలో అది వంద కోట్ల పాళ్లకు పది పాళ్లు ఉందనుకుంటే, ఒక కిలో కోసం లక్ష టన్నుల మట్టిని దాదాపు 700 డిగ్రీలకు వేడి చేయాలి. దాన్ని మండించి కరెంటు ఇచ్చే ఫ్యూజన్ రియాక్టర్ ఇంకా ఎక్కడా లేదు.

చంద్రుడి నీటి కథ వేరు, విడగొడితే అది అక్కడే రాకెట్ ఇంధనంగా పనికొస్తుంది. 2009 అక్టోబర్‌లో నాసా ఎల్‌క్రాస్ ప్రయోగం చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి కేబియస్ బిలంలోకి రాకెట్ దశను గుద్దించి, లేచిన ధూళిని పరీక్షించింది. అందులో నీరు బరువులో సుమారు 5.6 శాతమని అంచనా కట్టారు. ఆ అంచనాకు దాదాపు 3 శాతం అటూ ఇటూ తేడా ఉందన్నది మరవకూడదు. 5.6 శాతమే నిజమనుకుంటే టన్ను మట్టికి 56 కిలోల నీరు, దాన్ని విడగొడితే 50 కిలోల ఆక్సిజన్, 6 కిలోల హైడ్రోజన్ వస్తాయి. విడగొట్టడానికి సిద్ధాంతపరంగానే దాదాపు 250 యూనిట్ల శక్తి కావాలి. నిజంగా అయ్యే ఖర్చు ఇంకా ఎక్కువ. హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి.

మంచు ఉన్నది ఎండ ఎన్నడూ పడని బిలాల్లో. సౌర ఫలకాలు పనిచేసేది బిలం అంచున. కాబట్టి కిలోమీటర్ల కొద్దీ కేబుల్ లాగాలి, లేదా చిన్న అణు రియాక్టర్ దించాలి. మట్టిని వేడి చేయడమూ తేలిక కాదు. చంద్రయాన్-3లో మట్టి ఉష్ణోగ్రత కొలిచే చాస్టే పరికరం పైపొరలో 50 డిగ్రీలకు పైగా, కేవలం 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10 డిగ్రీలు నమోదు చేసింది. ఆ మట్టి వేడిని అంతలా అడ్డుకుంటుంది. ఒకచోట వేడి పెడితే పక్కకు పాకదు. పుట్టిన ఆవిరి కాస్తా దగ్గర్లోని చల్లని గోడకు తగిలి మళ్లీ గడ్డకడుతుంది. అంగారకుడిపై ఇన్‌సైట్ ల్యాండర్‌లోని, తనను తాను మట్టిలోకి దిగగొట్టుకునే మేకులాంటి పరికరం 5 మీటర్లు దిగాల్సింది. చుట్టూ ఉన్న మట్టి పట్టు ఇవ్వక, దాని పై కొన ఉపరితలానికి కొద్ది సెంటీమీటర్ల కిందే ఆగిపోయింది. 2025 మార్చిలో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన అథీనా ల్యాండర్ పక్కకు ఒరిగి పడటంతో దానిలోని డ్రిల్లుకు నేల అందనేలేదు.

మంచు వెనక పడటం కన్నా ముందు ఆక్సిజన్ సంగతి చూడటం మంచిదని నా అభిప్రాయం. చంద్రుడి మట్టి ఎక్కడ తీసినా బరువులో 40 శాతానికి పైగా ఆక్సిజనే, ఆక్సైడ్ల రూపంలో. ద్రవ హైడ్రోజన్ రాకెట్ ఇంజిన్‌లో సాధారణంగా ఒక పాలు హైడ్రోజన్‌కు ఆరు పాళ్లు ఆక్సిజన్ పోస్తారు. ఇంధనం బరువులో దాదాపు 85 శాతం అక్కడే దొరికితే హైడ్రోజన్‌ను భూమి నుంచి పంపినా గిట్టుబాటే. మట్టిని 1600 డిగ్రీల దగ్గర కరిగించి కరెంటు పంపితే ఒక ఎలక్ట్రోడ్ దగ్గర ఆక్సిజన్, రెండోదాని దగ్గర లోహం చేరతాయి. చిక్కంతా ఎలక్ట్రోడ్లతోనే. ఆ వేడిలో, ఆ ద్రవంలో నెలల తరబడి అరిగిపోకుండా నిలిచే ఎలక్ట్రోడ్ దొరకాలి. వేరే గ్రహం మీద ఆక్సిజన్ తీయడం సాధ్యమేనని అంగారకుడిపై మాక్సీ పరికరం నిరూపించింది. అక్కడి కార్బన్ డయాక్సైడ్ నుంచి 16 విడతల్లో మొత్తం 122 గ్రాములు తీసింది.

ఆ ఆక్సిజన్‌తో భూమ్మీద మనిషికి ఒరిగేదేమిటి? దీనికి జవాబు సౌర విద్యుత్తులో ఉంది. అంతరిక్షంలో చదరపు మీటరుకు 1361 వాట్ల ఎండ పడుతుంది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర కక్ష్యలో, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల రోజుల్లో గంటకు కాస్త మించిన నీడ తప్ప రాత్రంటూ ఉండదు. మైక్రోవేవ్‌ల ద్వారా కరెంటు పంపడం కొత్తేమీ కాదు. 1975లోనే అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకు పైగా పంపారు. 2023లో అమెరికా విద్యాసంస్థ కాల్‌టెక్ పరికరం కక్ష్యలోనూ చిన్న స్థాయిలో చేసి చూపింది.

అడ్డొచ్చేది వివర్తన సూత్రం: దూరం వెళ్లేకొద్దీ కిరణం వెడల్పవుతుంది. 2.45 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్లు. 36 వేల కిలోమీటర్ల దూరం నుంచి, కిలోమీటరు వెడల్పున్న యాంటెనాతో పంపినా నేల మీద ఆ కిరణం వెడల్పు పది కిలోమీటర్లు దాటుతుంది. యాంటెనాను చిన్నది చేస్తే కిరణం ఇంకా విస్తరిస్తుంది. అందుకే చిన్నగా మొదలుపెట్టి మెల్లగా పెంచుకునే వీలు ఇందులో లేదు, మొదటి కేంద్రమే భారీగా ఉండాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బరువు 420 టన్నులైతే, గిగావాట్ల స్థాయి సౌర కేంద్రానికి వేల టన్నులు కావాలి. 2024 జనవరిలో నాసా వేసిన లెక్క ప్రకారం, ఇలాంటి కరెంటు భూమ్మీది పునరుత్పాదక విద్యుత్తు కన్నా 12 నుంచి 80 రెట్లు ఖరీదు. అందులో సింహభాగం బరువును పైకి మోసే ఖర్చే.

చంద్రుడు అక్కరకొచ్చేది ఇక్కడే. భూమిని దాటడానికి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, చంద్రుడిని దాటడానికి 2.4 చాలు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తేడా ఇరవై రెట్లకు పైమాటే. అల్యూమినియం చట్రాలు, ఆక్సిజన్ అక్కడ తయారై, సున్నితమైన సౌర ఘటాలు, ఎలక్ట్రానిక్స్ ఇక్కడి నుంచి వెళ్తే లెక్క మారే అవకాశం ఉంది. అత్యంత శుద్ధమైన సిలికాన్‌ను చంద్రుడిపై తయారుచేస్తామనే మాటలు మాత్రం ఇప్పట్లో నమ్మదగ్గవి కావు.

ఈ చర్చల్లో మర్చిపోతున్న వనరు ఒకటుంది: కక్ష్యే. వాతావరణ సూచనలు, తుపాను హెచ్చరికలు, దిశానిర్దేశం, సమాచార ప్రసారం, అంతరిక్షం నుంచి ఇప్పటికే కోట్లాది మందికి అందుతున్న ఫలం ఇదొక్కటే. దాన్ని మనమే పాడుచేసుకుంటున్నాం. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం-33 ఉపగ్రహం, పనిచేయని రష్యా ఉపగ్రహం కాస్మోస్-2251 సుమారు 790 కిలోమీటర్ల ఎత్తున ఢీకొని రెండు వేలకు పైగా పెద్ద ముక్కలయ్యాయి. ఆ ఎత్తులో గాలి రాపిడి దాదాపు లేనట్టే, ముక్కలు దశాబ్దాల తరబడి తిరుగుతూనే ఉంటాయి. 500 కిలోమీటర్ల దగ్గరైతే కొన్నేళ్లలో పడిపోతాయి. సౌర కేంద్రాల కోసం వేల టన్నుల సరుకు ఎక్కించాల్సింది ఈ చెత్త మధ్య నుంచే.

చట్టమూ వెనకబడే ఉంది. 1967 అంతరిక్ష ఒప్పందం ఏ దేశమూ ఖగోళ వస్తువులను సొంతం చేసుకోరాదంటుంది, తవ్వి తీసిన సరుకు ఎవరిదో చెప్పదు. 2015లో అమెరికా, 2017లో లక్సెంబర్గ్, ఆ తర్వాత యూఏఈ, జపాన్ తమ చట్టాలతో తవ్వినవారికే హక్కులిచ్చాయి. చంద్రుడి దక్షిణ ధ్రువంలో ఎక్కువ కాలం ఎండ పడే అంచులు కొన్నే. ముందు దిగినవారు చుట్టూ భద్రతా వలయం గీసుకుంటే, సొంతం చేసుకోకుండానే ఆ చోటు వాళ్లదైపోతుంది. ఆ వలయం ఎంత వ్యాసార్థం ఉండాలి, ఎన్నేళ్లు ఉండాలి అన్నది యంత్రాలు దిగకముందే రాసుకోవాలి. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలను పని ముగిసిన ఐదేళ్లలోపు కిందికి దించాలని అమెరికా 2022లో తమ లైసెన్సులకు నియమం పెట్టింది. అన్ని దేశాలనూ కట్టిపడేసే అలాంటి నియమం ఇంకా లేదు. మొదటి సౌర కేంద్రం కన్నా ముందు కావాల్సింది అదే.