సీబీఐకి ఎవరి అనుమతీ అక్కర్లేదా?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మూడు వారాలుగా ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. అందులో ఉన్నది ఇదీ: "సీబీఐ పార్లమెంటు పుట్టించిన సంస్థ, పోలీసుల కంటే పై మెట్టు. ఏ రాష్ట్రంలోనైనా ఎవరి అనుమతీ లేకుండా దిగుతుంది. సీబీఐ చేతికి వెళ్తే కేసు తేలినట్టే. మన భద్రతకు దిక్కు వాళ్ళే. ఫోన్ చేస్తే మారు మాట్లాడకుండా సహకరించండి." మిగతావాటిని చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ణే. ఆ చివరి వాక్యం మాత్రం ఊరుకోనివ్వలేదు. ఎందుకో కాస్త ఆగితే మీకే తెలుస్తుంది.

ముందు ఆ "ఎవరి అనుమతీ లేకుండా" సంగతి. సీబీఐకి అధికారాలిచ్చే చట్టం 1946 నాటిది. పేరు ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం. పేరులోనే ఢిల్లీ ఉంది చూడండి. శాంతిభద్రతలు, పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోవి కాబట్టి, ఆ చట్టం 6వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం సమ్మతిస్తేనే సీబీఐ అక్కడ దర్యాప్తు చేయగలదు. ఇదేదో పుస్తకాల్లో పడి ఉండే నిబంధన అనుకోకండి, మన కళ్ళముందే జరిగింది. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాధారణ సమ్మతిని, అంటే కేసు కేసుకీ విడిగా అడగక్కర్లేకుండా ముందే ఇచ్చి ఉంచే అనుమతిని, వెనక్కి తీసుకుంది. 2019 జూన్‌లో, ప్రభుత్వం మారాక, తిరిగి ఇచ్చింది. తెలంగాణ 2022 ఆగస్టు 30న జీవో 51తో వెనక్కి తీసుకుంది. విచిత్రమేమిటంటే ఆ జీవో ఉన్నట్టు జనానికి తెలిసింది రెండు నెలల తర్వాత, ఎమ్మెల్యేల కొనుగోలు కేసులో హైకోర్టు ముందు ప్రస్తావనకు వచ్చినప్పుడు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. రాష్ట్రం ఒప్పుకోకపోయినా హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని 2010లో పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇక మెసేజ్ రాసినాయన బహుశా ఎన్ఐఏను (జాతీయ దర్యాప్తు సంస్థను), సీబీఐని ఒకే గాటన కట్టేసి ఉంటాడు. ముంబై దాడుల తర్వాత 2008లో వచ్చిన చట్టంతో పుట్టింది ఎన్ఐఏ. ఉగ్రవాదం లాంటి, చట్టం షెడ్యూల్లో ఉన్న నేరాలైతే కేంద్రం తనంతట తానే దానికి కేసు అప్పగించవచ్చు, రాష్ట్రం సమ్మతి అక్కర్లేదు.

"పార్లమెంటు పుట్టించింది" అన్నది కూడా అంతే. సీబీఐ పేరు పెట్టింది 1963 ఏప్రిల్ 1న హోంశాఖ చేసిన తీర్మానం. అది చట్టం కాదు. ఆ కారణం మీదే 2013 నవంబరులో గువాహటి హైకోర్టు సీబీఐ ఏర్పాటే చెల్లదంది. మూడు రోజుల్లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

కేసు తేలడం మాటకొస్తే, సత్యం కంప్యూటర్స్ సంగతి ఒప్పుకోవాలి. 2009 జనవరి 7న, కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. మొదట సీఐడీ, ఆ తర్వాత సీబీఐ చూశాయి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 10 మందిని దోషులుగా తేల్చింది. దొంగ లెక్కలు అన్ని పొరల్లో ఉన్న కేసును తవ్వాలంటే అలాంటి సంస్థ కావాలి, కాదనను. కానీ అదే హైదరాబాద్‌లో 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. నగర పోలీసులు చూశారు, సీబీఐ చూసింది, ఎన్ఐఏ చూసింది. 2018 ఏప్రిల్‌లో ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు సాక్ష్యాలు చాలవని నిందితులను వదిలేసింది. మూడు సంస్థలు చేతులు మార్చుకున్న కేసు ఏమైనట్టు? దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ళ కేసులో అదే ఎన్ఐఏ శిక్ష పడేదాకా తీసుకెళ్ళింది. అంటే బోర్డు మీది పేరు కాదు, చేతిలోని సాక్ష్యమే కేసును నిలబెట్టేది.

ఇప్పుడు ఆ చివరి వాక్యం. మా వీధిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు ఉన్నారు. పోయిన నెల ఒకరోజు పదకొండు గంటలప్పుడు వాళ్ళావిడ పెరటి తలుపు తీసుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. వెళ్ళి చూస్తే వీధి తలుపుకి గడియ, డైనింగ్ టేబుల్ మీద హార్లిక్స్ సీసాకి ఆనించిన ఫోను, అందులో ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి, వెనక జెండా. "మీ ఆధార్‌తో ముంబైలో ఖాతా తెరిచారు, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అంటున్నాడు. మాస్టారు బ్యాంకు పాస్‌బుక్కు చేత్తో పట్టుకుని, "ఉండవయ్యా, సీబీఐ వాళ్ళు లైన్లో ఉన్నారు" అని నన్నే కసిరారు.

అసలు సీబీఐ అధికారులు మామూలుగా యూనిఫాంలో తిరగరు. అరెస్టు చేయాలంటే మనిషి రావాలి, కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. హాజరు కమ్మని పోలీసులిచ్చే నోటీసులు కూడా వాట్సాప్‌లో చెల్లవని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. డిజిటల్ అరెస్టు అనే మాట ఏ చట్టంలోనూ లేదు. అదే ఏడాది డిసెంబరులో ఈ మోసాల దర్యాప్తును సుప్రీంకోర్టు సీబీఐకే అప్పగించింది. అక్కడ కూడా సమ్మతి ఇవ్వని రాష్ట్రాలను ఇవ్వమని కోర్టు చెప్పాల్సి వచ్చింది! సీబీఐ పేరు వాడుకునే దొంగలను పట్టే పనిలోనూ అనుమతి మాట రాక తప్పలేదు. ఆ మెసేజ్ రాసినాయన దీనికేమంటాడో.

డబ్బు పోతే మొదట చేయాల్సింది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలిగితే ఆపేది అదే. ఆ తర్వాత ఊళ్ళో పోలీస్ స్టేషనే. ఢిల్లీ నుంచి ఎవరూ దిగిరారు.

మాస్టారి డబ్బు పోలేదు. ఫోను కట్ చేసి, 1930కి చెప్పి, ఆయన చేత మంచినీళ్ళు తాగించాం. ఇదంతా విడమరిచి చెప్పాక కాసేపు ఊరుకుని, "సాయంత్రం ఆరింటికి మళ్ళీ చేస్తానన్నాడయ్యా. ఎత్తకపోతే ఏమైనా అనుకుంటాడేమో" అన్నారు.